డ్రోగ్బా మోకాళ్ళ మీద కూర్చుంటే యుద్ధం ఆగిందా? ఆట నిజంగా దేశాన్ని కలుపుతుందా?

కాశీబుగ్గ_కుర్రాడు

అందరికీ నమస్కారం. ఐవరీ కోస్ట్ ఫుట్‌బాల్ స్టార్ డ్రోగ్బా గురించి పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పలాస. జీడిపిక్కలు కొనే పని మీద ఏటా జనవరి చివర్లో ఐవరీ కోస్ట్ వెళ్తాను, మే దాకా అక్కడే ఉంటాను. మా ఫ్యాక్టరీలకి మన తోటల పంట ఎప్పుడూ చాలదు, ఆఫ్రికా పిక్కలు రావాల్సిందే, అందులో ప్రపంచంలోనే ఎక్కువ పండించేది ఐవరీ కోస్ట్. పిక్కలు పండేది ఉత్తరాన, దేశం మధ్యలో. ఓడ ఎక్కేది దక్షిణాన అబిజాన్ లో. నా పనంతా ఆ రోడ్డు మీదే. ఒకప్పుడు దేశం రెండుగా తెగింది కూడా ఆ రోడ్డు మీదే.

2002 సెప్టెంబరులో తిరుగుబాటు వచ్చి ఉత్తరం తిరుగుబాటుదారుల చేతికి పోయింది, దక్షిణం అధ్యక్షుడు బాగ్బో ప్రభుత్వం కింద మిగిలింది. బువాకే తిరుగుబాటుదారులకి రాజధాని లాంటిది. గొడవకి మూలం "ఈ దేశపు మనిషి ఎవడు" అన్న ప్రశ్న. కోకో తోటల పనికి బుర్కినా ఫాసో, మాలి నుంచి తరతరాలుగా జనం వచ్చి స్థిరపడ్డారు, ఉత్తరాది ముస్లింల ఇంటిపేర్లు కూడా ఆ దేశాల వాళ్ళ పేర్లలాగే ఉంటాయి. దాంతో నాలుగు తరాలుగా అక్కడే ఉన్నవాణ్ణి కూడా పేరు చూసి పరాయివాడనేవారు. మా డ్రైవరు బువాకే మనిషి. కుర్రాడుగా ఉన్నప్పుడు చెక్ పోస్టు దగ్గర పేరు చదివి ఆయన గుర్తింపు కార్డు చింపేశారట. ఇప్పటికీ కారు డ్యాష్‌బోర్డులో కార్డు జిరాక్సులు నాలుగు పెట్టుకుని తిరుగుతాడు.

ఇక అసలు విషయం. "డ్రోగ్బా ఒక్క మాటతో యుద్ధం ఆపేశాడు" అని వాట్సాప్ లో ఒక వీడియో తిరుగుతూ ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. 2005 అక్టోబరు 8న సూడాన్ లో ఐవరీ కోస్ట్ 3-1తో గెలిచింది. అదే రోజు కామెరూన్ కి ఈజిప్టు మీద చివర్లో పెనాల్టీ దొరికింది, వాళ్ళ ఆటగాడు వోమే దాన్ని గోల్ చేయలేకపోయాడు, దాంతో ఐవరీ కోస్ట్ మొదటిసారి ప్రపంచ కప్ కి వెళ్ళింది. డ్రెస్సింగ్ రూములో డ్రోగ్బా మైక్ అందుకుని, ఉత్తరం వాళ్ళం, దక్షిణం వాళ్ళం, మధ్య నుంచి, పడమర నుంచి వచ్చినవాళ్ళం కలిసి ఆడితే ఏమైందో చూడండి, ఒకరినొకరు క్షమించుకోండి, ఆయుధాలు దించండి, ఎన్నికలు పెట్టండి అని జట్టుతో సహా మోకాళ్ళ మీద కూర్చుని వేడుకున్నాడు.

మా డ్రైవరుని అడిగాను. ఆ రాత్రి ఏడ్చానన్నాడు. మరి మర్నాడు అంటే, చెక్ పోస్టులు ఎక్కడివక్కడే ఉన్నాయన్నాడు. ఆ రెండు మాటలూ నాకు అప్పటి నుంచి తెమలటం లేదు. మీరేమంటారు?

గోదారి_గట్టు

మంచి చర్చ పెట్టారు, కానీ నేను కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి.

డ్రోగ్బా మాట్లాడేనాటికి పెద్ద యుద్ధం చాలావరకు నిలిచిపోయి ఉంది. మధ్యలో ఫ్రెంచి సైన్యం, ఐక్యరాజ్యసమితి దళాలు గీత గీసి నిలబడ్డాయి. ఆయన మాట్లాడిన ఏడాదిన్నర తర్వాత, 2007 మార్చిలో, వాగడూగు శాంతి ఒప్పందం కుదిరింది. అది బాగ్బోకీ తిరుగుబాటు నాయకుడు సోరోకీ మధ్య జరిగిన రాజకీయ బేరం, సోరో ప్రధాని అయ్యాడు. ఆ తర్వాతైనా శాంతి నిలిచిందా? 2010 చివర్లో ఎన్నిక జరిగితే బాగ్బో ఓటమి ఒప్పుకోలేదు, నాలుగైదు నెలల్లో సుమారు 3000 మంది చనిపోయారు. డ్రోగ్బా ఆ జట్టులోనే ఉన్నాడు, జట్టు ఆడుతూనే ఉంది.

ఫ్రాన్సు సంగతి చూడండి. 1998లో జిదాన్, తురామ్, దెసాయి ఉన్న జట్టు కప్ గెలిస్తే నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, అరబ్బులు అంతా ఒక్కటయ్యారని దేశం ఊగిపోయింది. నాలుగేళ్ళు తిరక్కుండా 2002 అధ్యక్ష ఎన్నికల్లో వలస జనాన్ని వ్యతిరేకించే లె పెన్ రెండో రౌండ్ దాకా వచ్చాడు. యుగోస్లావియాలో ఇంకా ఘోరం. 1990 మే 13న జాగ్రెబ్ మైదానంలో డైనమో, రెడ్ స్టార్ మ్యాచ్ మొదలవకముందే క్రొయేషియా, సెర్బియా అభిమానులు కొట్టుకున్నారు. వచ్చే నెలలో అదే దేశం ప్రపంచ కప్ లో ఒకే జెర్సీతో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఏడాదికల్లా దేశం ముక్కలైంది. అంత మంచి జట్టు దేశాన్ని ఏం నిలబెట్టింది?

గెలిచిన రాత్రి కౌగిలించుకోవడానికి ఎవరికీ ఖర్చు లేదు. భూమి ఎవరిది, ఉద్యోగం ఎవరిది, ఓటు ఎవరిది అన్నవి మర్నాడు పొద్దున్నే మళ్ళీ గుమ్మంలో ఉంటాయి.

జొబర్గ్_తెలుగు

గోదారి గారూ, మీ లెక్కలతో గొడవ లేదు. కానీ ఖర్చు లేదన్న మాట ఒప్పుకోను. దక్షిణాఫ్రికాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, 1995 గురించి ఇక్కడి వాళ్ళ నోట విన్నది చెప్తాను.

రగ్బీ అంటే ఇక్కడ తెల్లవాళ్ళ ఆట, ముఖ్యంగా డచ్చి మూలాలున్న ఆఫ్రికానర్లది. స్ప్రింగ్‌బాక్ అనే జింక బొమ్మ ఉన్న ఆకుపచ్చ జెర్సీ నల్లవాళ్ళ కళ్ళకి పోలీసు యూనిఫాం లాంటిది. డర్బన్ లో నాకు బాగా పరిచయమున్న పెద్దాయన ఒకరున్నారు, ఆయన ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చాడట. తెలుగు కొంచెం వచ్చు, "బాగున్నావా అబ్బాయీ" అని మొదలుపెట్టి ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు. వాళ్ళ నాన్న రోజుల్లో స్టేడియంలో తెల్లవాళ్ళు కానివాళ్ళకి వేరే మూల ఉండేది, ఆ మూలలో కూర్చున్నవాళ్ళంతా బయటి దేశం జట్టుకే చప్పట్లు కొట్టేవారట. సొంత దేశం ఓడిపోవాలని కోరుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి.

మండేలా పార్టీలోనే చాలామంది ఆ జింక బొమ్మ తీసెయ్యాలని పట్టుబట్టారు. అధికారం వాళ్ళ చేతికొచ్చింది, తీసెయ్యడానికి అడ్డేం లేదు. ఆయన వద్దన్నాడు. తన వాళ్ళకే కోపం తెప్పించి మరీ వద్దన్నాడు. 27 ఏళ్ళు జైల్లో ఉన్న మనిషి ఆ జెర్సీ వేసుకుని, కెప్టెన్ పీనార్ నంబరు 6 వేసుకుని, 1995 జూన్ 24న రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్ కి ఎల్లిస్ పార్క్ మైదానంలోకి నడిచాడు. అరవై వేలకి పైగా జనం, దాదాపు అంతా తెల్లవాళ్ళే, "నెల్సన్, నెల్సన్" అని అరిచారు. మూడేళ్ళ ముందు, 1992లో, అదే మైదానంలో పాత ప్రభుత్వ గీతం పాడి మరీ తమ పంతం చూపించిన జనం వీళ్ళు. న్యూజిలాండ్ మీద అదనపు సమయంలో స్ట్రాన్స్కీ డ్రాప్ గోల్ తో 15-12 గెలిచారు. ఆ జట్టులో తెల్లవాడు కానివాడు ఒక్క చెస్టర్ విలియమ్స్. క్వార్టర్ ఫైనల్లో నాలుగు ట్రైలు (రగ్బీలో గోల్ లాంటివి) అతనివే.

ఒక విషయం మర్చిపోతుంటారు. ఎనిమిది నెలలకే, 1996 ఫిబ్రవరిలో, ఫుట్‌బాల్ జట్టు ఆఫ్రికా కప్ గెలిచింది. ఫుట్‌బాల్ నల్లవాళ్ళ ఆట, కెప్టెన్ మాత్రం నీల్ టోవీ అనే తెల్లాయన. మండేలా ఆ రోజు కూడా జెర్సీ వేసుకుని వచ్చాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, రెండు వైపులా నడిచారు.

ఇంకొకటి. ఆటతో కలుపుదాం అని అప్పటిదాకా ఎవరూ అనలేదు. అందరికీ ఓటు రానంత కాలం ప్రపంచం వీళ్ళని ఆటలోంచి బయట పెట్టింది. మన దేశం 1974లో టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్ చేరి కూడా దక్షిణాఫ్రికాతో ఆడం అని కప్ వదిలేసుకుంది. అమృతరాజ్ అన్నదమ్ములు 1987లో మళ్ళీ ఫైనల్ చేరినా కప్ దక్కలేదు, వాళ్ళకి అది చిన్న త్యాగం కాదు. వివక్ష చట్టాలు రద్దవుతున్నాయనగా 1991 నవంబరులో వీళ్ళని మళ్ళీ క్రికెట్ కి పిలిచిందీ మనమే, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ కి. 1994లో అందరూ ఓటేశారు. 1995 ఆ తర్వాత వచ్చింది. ఆ వరస తిరగేస్తే ఏ కప్పూ పనిచేసేది కాదు.

మానేరు_ఒడ్డు

నమస్తే అన్నలూ. నేను 2007లో దుబాయిల ఉన్నా, బిల్డింగు పనిలో. నాకు పెద్ద చరిత్ర తెలువదు, కండ్లతో చూసింది చెప్తా.

మా సైట్ మీద ఇద్దరు ఇరాకీ ఇంజనీర్లు ఉండేవాళ్ళు. ఒకాయనది బస్రా, షియా. ఇంకొకాయనది మోసుల్, సున్నీ. అప్పుడు ఇరాక్ లో రోజూ బాంబులే. ఈ ఇద్దరూ పని గురించి తప్ప మాట్లాడుకునేది లేదు, తినేది వేరే, కూర్చునేది వేరే. ఆ ఏడాది ఫుట్‌బాల్ ఆసియా కప్ లో ఇరాక్ సెమీఫైనల్లో దక్షిణ కొరియాని పెనాల్టీల మీద గెలిచింది, జూలై 25. ఆ రాత్రే బాగ్దాద్ రోడ్ల మీద సంబరం చేసుకుంటున్న జనం మధ్య బాంబులు పేలి యాభై మంది దాకా చచ్చిపోయారు. జట్టు కూడా ఇంక ఆడాల్నా వద్దా అనుకున్నదట. చనిపోయిన ఒక పిల్లవాడి తల్లి, మీరు కప్పు తెచ్చేదాకా నా కొడుకుని పాతిపెట్టను అన్నదని, ఆ మాట విని ఆడాలని తేల్చుకున్నామని కెప్టెన్ యూనిస్ తర్వాత చెప్పిండు.

ఫైనల్ జూలై 29న జకార్తాలో, సౌదీ మీద. మేమందరం క్యాంటీన్ టీవీ ముందట. హవార్ అనే కుర్దు ఆటగాడు కార్నర్ కొట్టిండు, యూనిస్ తలతో గోల్ వేసిండు, 1-0. యూనిస్ సున్నీ, గోల్ కాచిన నూర్ సబ్రీ షియా. మ్యాచ్ అయిపోయినంక ఆ ఇద్దరు ఇంజనీర్లు ఏం మాట్లాడలేదు. మోసుల్ ఆయన లేచిపోయి బస్రా ఆయన పక్కన కూర్చున్నడు. అంతే. తెల్లారి నుంచి ఒక్క కాడ తిన్నరు, నేను ఆ సైట్ లో ఉన్న ఏడాదిన్నర ఒక్క కాడనే తిన్నరు.

2014లో మోసుల్ ఐసిస్ చేతిలోకి పోయిందని వార్త చూసినప్పుడు నాకు ముందు ఆయనే యాదికొచ్చిండు. కప్పు దేశాన్ని కాపాడలేదు, నేను ఒప్పుకుంటా గోదారి అన్నా. కానీ ఆ రెండు ప్లేట్లు ఒక్క కాడికి వచ్చుడు నేను చూసిన.

నల్లరేగడి

మానేరు అన్నా, మీ పోస్టు చదివి నా సంగతి రాయాలనిపించింది. దేశం సంగతి కాదు, మన సంగతే.

2011లో హైదరాబాద్ లో హాస్టల్ లో ఉండేవాణ్ణి. మాది కర్నూలు వైపు. రూములో నలుగురం, ఇద్దరు తెలంగాణ, ఇద్దరం ఇటువైపు. మార్చి 10న మిలియన్ మార్చ్ అయింది, ట్యాంక్ బండ్ మీద విగ్రహాలు పడ్డాయి, ఆ రాత్రి మా రూములో మాటలు చాలా దూరం పోయాయి. మూడు వారాలు మాటల్లేవు, ఒకే బకెట్ వాడుకునేవాళ్ళం విడివిడిగా కొనుక్కున్నాం. ఏప్రిల్ 2న ధోనీ ఆ సిక్స్ కొట్టినప్పుడు నేను ఎవణ్ణి పట్టుకున్నానో తెలీదు, వదిలాక చూస్తే వాడే. ఇద్దరం నవ్వాం. ఆ రాత్రి నలుగురం కలిసి రోడ్డు మీదికి పోయి టీ తాగొచ్చాం.

మా అభిప్రాయాలు మారాయా అంటే లేదు. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైతే వాడు సమ్మెలోనే ఉన్నాడు, 42 రోజులు. నేను ఊరెళ్ళిపోయాను. 2014లో రాష్ట్రం వేరైంది. కానీ వాదించుకోగలిగాం, అదీ తేడా. ఆ రాత్రి లేకపోతే వాడి పెళ్ళికి నేను వెళ్ళేవాణ్ణి కాదు.

గోదారి_గట్టు

నల్లరేగడి తమ్ముడూ, నీ అనుభవాన్ని నేను కాదనను. కానీ మీరు నలుగురూ ఒకే జట్టుకి ముందునుంచీ అభిమానులు. భారత జట్టు ఎవరిది అన్న తగాదా మీ మధ్య లేదు. ఐవరీ కోస్ట్ లో తగాదాయే అది. నిన్ను ఈ దేశం వాడివి కాదు అని కార్డు చింపినవాడికి, కార్డు చినిగినవాడికి ఒకే జెర్సీ ఇస్తే సరిపోతుందా? చింపినవాడు ముందు ఏదైనా చెయ్యాలి కదా.

కాశీబుగ్గ_కుర్రాడు

గోదారి గారూ, మీరు సరిగ్గా అక్కడికే వచ్చారు. చెయ్యాల్సింది ఏమిటో డ్రోగ్బాకి తెలుసు అనిపిస్తుంది నాకు. 2005 వీడియో అందరూ చూస్తారు, 2007 సంగతి ఎవరూ చెప్పరు.

డ్రోగ్బా దక్షిణాది మనిషి, బాగ్బోది కూడా అదే బేతే తెగ. ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి బహుమతి వచ్చాక దాన్ని పట్టుకుని బువాకే వెళ్ళాడు, మడగాస్కర్ తో జరగాల్సిన మ్యాచ్ ఇక్కడ ఆడతాం అని ప్రకటించాడు. జాతీయ జట్టు మ్యాచ్ లు జరిగేది అబిజాన్ లో. తిరుగుబాటుదారుల ఊళ్ళో ఆడటమంటే ఆ ఊరు కూడా దేశమేనని ఒప్పుకున్నట్టు. 2007 జూన్ 3న ఆడారు, 5-0, ఆఖరి గోల్ డ్రోగ్బాదే. టూరే అన్నదమ్ములు కోలో, యాయా పుట్టిన ఊరది. దేశాధ్యక్షుడు యుద్ధం తర్వాత బువాకేలో అడుగుపెట్టి ఆయుధాలు కాల్చే కార్యక్రమానికి వచ్చింది జూలై 30న. అంటే ఆటగాళ్ళు వెళ్ళిన దాదాపు రెండు నెలలకి. మా డ్రైవరు 2005 గురించి ఒక్క మాట చెప్పాడు, 2007 గురించి చెప్పమంటే గంట చెప్తాడు. స్టేడియంలో చోటు దొరక్క గోడెక్కాడట. "వాళ్ళు మా ఊరొచ్చారు" అని మళ్ళీ మళ్ళీ అంటాడు.

ఇక నేను కళ్ళారా చూసింది. 2024లో ఆఫ్రికా కప్ అక్కడే జరిగింది. గ్రూపులో ఈక్వటోరియల్ గినియా చేతిలో 0-4తో ఓడి, కోచ్ పోయి, వేరే దేశాల ఫలితాల దయ వల్ల ముందుకెళ్ళారు. ఫిబ్రవరి 3న క్వార్టర్ ఫైనల్, బువాకేలోనే, ఎదుటి జట్టు ఎవరో కాదు, మాలి. మాలి! ఉత్తరాది వాళ్ళని ఏ దేశం పేరు పెట్టి తిట్టారో ఆ దేశం. ఊళ్ళో మాట్లాడే జూలా భాష మాలి వాళ్ళకీ అర్థమవుతుంది, ఇంటిపేర్లు రెండు జట్లలోనూ ఉన్నాయి. మేం స్టేడియం దగ్గర మాకీలో కూర్చున్నాం, మాకీ అంటే అక్కడి రోడ్డు పక్క హోటలు, చేపలు, కర్రపెండలంతో చేసే అట్చేకే పెడతారు. సగానికి ముందే ఐవరీ కోస్ట్ కి రెడ్ కార్డు, పదిమందితో ఆడుతున్నారు, 71వ నిమిషంలో మాలి గోల్ వేసింది. ఎవరూ తినట్లేదు. 90వ నిమిషంలో అడింగ్రా సమం చేశాడు. అదనపు సమయం ఆఖర్లో, ఇక పెనాల్టీలే అనుకుంటుండగా డియాకిటే గోల్ కొట్టాడు. డియాకిటే అన్న పేరు చూడండి, చెక్ పోస్టు దగ్గర ఆపే పేరది. హోటలామె గరిట పట్టుకునే రోడ్డు మీదికి పరిగెత్తింది. మా డ్రైవరు ఐవరీ కోస్ట్ నారింజ జెర్సీ పట్టుకుని గుండె మీద కొట్టుకుంటూ ఏదో అరుస్తున్నాడు. తర్వాత అడిగితే, "ఇప్పుడు చెప్పమను నేను ఏ దేశం వాణ్ణో" అన్నానని చెప్పాడు. ఎనిమిది రోజులకి ఫైనల్లో నైజీరియాని 2-1తో గెలిచి కప్ తీసుకున్నారు. క్యాన్సర్ నుంచి లేచొచ్చిన హాలర్ గెలుపు గోల్ కొట్టాడు.

జొబర్గ్_తెలుగు

"వాళ్ళు మా ఊరొచ్చారు" అన్నది చాలా పెద్ద మాట. ఇక్కడా అంతే. 2007లో మళ్ళీ రగ్బీ కప్ గెలిచారు, ఫైనల్ మొదలుపెట్టిన పదిహేను మందిలో తెల్లవాళ్ళు కానిది ఇద్దరే, హబానా, పీటర్సన్. పన్నెండేళ్ళలో ఇంతేనా అని జనం అడిగారు, అడగాలి కూడా. 2019లో గెలిచినప్పుడు కప్ ఎత్తింది సియా కొలిసి, జ్విడే అనే పేద టౌన్‌షిప్ లో పుట్టినవాడు, జట్టుకి మొదటి నల్లజాతి కెప్టెన్. ఫైనల్లో ట్రైలు మపింపీ, కోల్బే వేశారు. డర్బన్ పెద్దాయన జన్మలో మొదటిసారి స్ప్రింగ్‌బాక్ జెర్సీ కొన్నది ఆ ఏడాదే. 1995లో టీవీలో చూసి సంతోషించారట, కొనలేదు. ఇరవై నాలుగేళ్ళు పట్టింది ఆయనకి.

బంతిపూల_తోట

నేను టేబుల్ టెన్నిస్ ఆడేదాన్ని, కాబట్టి ఒక్కటి చెప్తాను. 1991లో జపాన్ లోని చిబాలో రెండు కొరియాలూ ఒకే జట్టుగా ఆడి, మహిళల టీమ్ ఫైనల్లో చైనాని ఓడించాయి. దక్షిణం నుంచి హ్యున్ జంగ్ హ్వా, ఉత్తరం నుంచి లీ బున్ హుయ్. చైనాని ఆ రోజుల్లో ఓడించడమంటే మాటలు కాదు. తర్వాత సరిహద్దు మళ్ళీ మూసుకుంది, ఎవరి దేశం వాళ్ళది. 2018 శీతాకాల ఒలింపిక్స్ కి మహిళల ఐస్ హాకీలో ఉమ్మడి జట్టు పెడితే, ఏళ్ళ తరబడి సాధన చేసిన దక్షిణాది అమ్మాయిలు మా ఆట సమయం తగ్గిపోతోందని బాధపడ్డారు. నాకు వాళ్ళ బాధ న్యాయంగానే అనిపించింది. దేశాలు కలవాలని పెద్దలు అనుకుంటే ఆ ధర ఆ అమ్మాయిలే కట్టాలా? వాళ్ళని ముందు అడిగి ఉండాల్సింది.

గోదారి_గట్టు

కాశీబుగ్గ గారూ, మాలి మ్యాచ్ సంగతి నాకు తెలీదు, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మోకాళ్ళ మీద కూర్చోవడం కంటే మ్యాచ్ ని బువాకే తీసుకెళ్ళడం పెద్ద పని, అది ఒప్పుకుంటున్నాను. ఎల్లిస్ పార్క్ లో మండేలా చేసిందీ అదే, అవతలి వాళ్ళ ఇంటికి వెళ్ళాడు.

కానీ నా ప్రశ్న పోలేదు. 2025 ఏప్రిల్ లో తియామ్ అనే ప్రతిపక్ష నాయకుడి పేరు ఓటర్ల జాబితాలోంచి కోర్టు తీసేసింది, కారణం జాతీయత. బాగ్బోకి కూడా పోటీకి వీల్లేకపోయింది. ఇప్పటి అధ్యక్షుడు వత్తారాని కూడా 2000లో జాతీయత పేరు మీదే పోటీ నుంచి తప్పించారు, ఉత్తరాది కోపానికి పెద్ద కారణం అదేనంటారు. కప్ గెలిచి ఏడాది దాటగానే మళ్ళీ అదే ప్రశ్న. మీ డ్రైవరు ఏమంటున్నాడు?

కాశీబుగ్గ_కుర్రాడు

అక్టోబరు ఎన్నికల ముందు ఫోన్ చేశాను. గోదాముల్లో పాత సరుకు సంగతి కనుక్కోవడానికే చేశాను గానీ అదీ ఇదీ మాట్లాడుకున్నాం. టెన్షన్ గా ఉంది, పిల్లల్ని సాయంత్రం బయటికి పంపట్లేదు అన్నాడు. గొడవ జరుగుతుందా అంటే, అబిజాన్ లో ఏమో గాని మా వీధిలో జరగదు అన్నాడు, వీధిలో దక్షిణాది కుటుంబాలు మూడున్నాయి, ఆ రోజు రాత్రి మాకీలో మాతో ఉన్నవాళ్ళే.

జిరాక్సులు ఇంకా పెట్టుకుంటున్నావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. రెండు తీసేశాను, రెండున్నాయి అన్నాడు.